కార్డుకి పెట్టిన పసుపు

మా కోడలు నా తమ్ముడి కూతురే. అందుకని నన్ను అత్తా అని పిలవడం దానికి మాటలు వచ్చినప్పటి నుంచీ ఉన్న అలవాటు. పెళ్ళయ్యాక కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకపోయింది. మాటకు మాట అప్పజెప్పడం కూడా అప్పటి అలవాటే. దాన్ని మాన్పించాలని నేనూ అనుకోలేదు.

విజయనగరం నుంచి రామతీర్థం పోయే రోడ్డు మీద ఆటో దిగి, జీడితోటల వారగా నడిస్తే మా ఊరు వస్తుంది. పల్లంలో వరి, మెట్టలో నువ్వులూ గోగూ వేస్తాం. మా ఆయన పోయాక పొలం నేనే చూసుకుంటున్నాను. మా వాడు ట్రాలీ ఆటో నడుపుతాడు. నేను మూడో తరగతితో బడి మానేశాను. తెలుగు కూడబలుక్కుంటూ చదువుతాను. ఇంగ్లీషు అక్షరాలు నా కంటికి చీమల బారులా ఉంటాయి. కానీ విన్నమాట పోదు. ఎవరి పెళ్ళికి ఎవరు ఏ రంగు చీర కట్టుకొచ్చారో, ఏ ఏడు ఏ మడి ముందు కోశామో అడిగితే చెబుతాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. ఖాళీ గదిలో సామాను ఎక్కువ పడుతుంది కదా, చదువు లేని బుర్రలో ఇవన్నీ అలా పట్టాయనుకుంటాను.

కోడలు డిగ్రీ చదివింది. పెళ్ళయిన మూడో నెల నుంచి బట్టల కంపెనీకి వెళ్ళేది. కంపెనీ బస్సు తెల్లవారకముందే రోడ్డు మీదకి వచ్చేసేది. తలకి చున్నీ చుట్టుకుని, టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని పరుగెత్తేది. అక్కడ దాని పని చొక్కా కాలర్లకి అంచు కుట్టడం. రెండేళ్ళూ అదే పని. చొక్కా మిగతా భాగం ఎవరు కుడతారో, ఎక్కడ కుడతారో కూడా చూసి ఎరగదు.

"అత్తా, ఎవుడి మెడ సూసినా అంచు కుట్టీయాలనిపిస్తంది నాకు" అని నవ్వేది. నవ్వుతూనే మెడ పట్టుకునేది. మెడ నొప్పి మందులకి తగ్గలేదు. అది వెళ్ళిపోతే వంటా, గొడ్లూ, పొలమూ అన్నీ నా మీదే పడేవి. అది ఇంట్లో ఉండాలని నేను కోరుకోవడంలో దాని మెడ ఒక కారణం, నా నడుం ఇంకో కారణం. ఆ సంగతి దాచడం ఎందుకు.

ఒకరోజు మా వాడు కొత్తవలసలో ఎంబ్రాయిడరీ షాపు ఆయనకి రెండు కొత్త మిషన్లు దింపి వచ్చాడు. అన్నం తింటూ, ఆయన పాత మిషను ఒకటి గోడవారకి నెట్టేశాడని చెప్పాడు. కోడలు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏటి పోయిందంట దానికి?"

"డిజైన్లు లోపలికెళ్ళే నోరు పోయిందట. ఇదివరకు సతరంగా ఫ్లాపీ బిళ్ళలుండేవి కదా, అయి పెట్టే నోరు. కుట్టడం బాగానే కుడతాదట."

"ఎనకాల తొమ్మిది సూదుల ప్లగ్గుందా?"

"నానేటి సూస్తానే? నాను దింపడానికెల్లాను గానీ పెళ్ళిసూపులకెల్లానా?"

మర్నాడు ఇద్దరూ వెళ్ళి చూసొచ్చారు. ప్లగ్గు ఉంది. దానికి తీగ తగిలించి, రెండో కొస కంప్యూటరుకి తగిలిస్తే డిజైను ఆ తీగ మీద వస్తుందట. షాపు ఆయన మంచివాడే. పట్టుకెళ్ళి చూడండి, కార్తీకం వెళ్ళేలోగా నడిపించుకుంటే మీది, లేకపోతే నేనే వచ్చి తీసుకుపోతాను, తుక్కువాడికి వేసేస్తాను అన్నాడు. కోడలు సెలవు అడిగితే, కంపెనీలో సూపర్వైజరు కూడా దాని చోటు అంతవరకే ఖాళీగా ఉంచుతానన్నాడు. మిషను నడిస్తే కోడలు ఇంట్లో ఉండి తనకు నచ్చింది కుడుతుంది. నడవకపోతే మళ్ళీ బస్సు, మళ్ళీ కాలరు. ఇద్దరు మనుషులు ఒకరికొకరు తెలియకుండానే ఒకే గడువు పెట్టారు.

మిషనుని ముందు గదిలో కిటికీ పక్కన పెట్టాం. ధాన్యం బస్తాలు వసారాలోకి జరిగాయి.

లాప్‌టాపు దాని కాలేజీ రోజులది. అందరి కంప్యూటర్లలో ఉండేదాన్ని ఆ పాతది మోయలేకపోతోందని కోడలు దాన్ని తీసేసి లినక్స్ అని ఇంకొకటి ఎక్కించుకుంది. ఎవరూ నేర్పలేదు, ఫోనులో చూసుకుంటూ తనే చేసింది. ఆ లాప్‌టాపుకి మిషను తీగ పట్టే ప్లగ్గు లేదు. పెన్‌డ్రైవు పెట్టే మామూలు చిల్లులో దూర్చే అడాప్టరు ఒకటి కొని చూస్తే, మిషను గీతలన్నీ కలిపేసి ఉండ చుట్టింది. అప్పుడు లాప్‌టాపు పక్కన ఉన్న సన్నని గాడిలో దూర్చే కార్డు ఒకటి తెప్పించింది. అది బీడీ కట్టంత ఉంటుంది. బయటకి వచ్చే కొసకి తొమ్మిది సూదుల ప్లగ్గు, లోపలికి పోయే కొసలో చిన్న గుంటలో వరసగా బంగారు పళ్ళు. పిల్లకి పళ్ళొచ్చినంత సంబరంగా నాకు చూపించింది.

ఆ రోజుల్లోనే నాకు ఒక ఉద్యోగం దొరికింది. కోడలు నల్లటి తెర మీద అక్షరాలు కొడుతుంది. కొట్టేటప్పుడు పైకి చదువుతూ కొడుతుంది, అది దాని చిన్నప్పటి చదువు అలవాటు. నేను పక్కన కూర్చుని గోగునార చిక్కు తీసుకునేదాన్ని. రెండో రోజు అది తల గోక్కుంటూ, "నిన్న ఏటి కొట్టాను అత్తా?" అంది, ఊరికే. నేను "ఎల్, ఎస్, పి, సి, ఐ. తరవాత ఖాళీ. తరవాత అడ్డగీత, వి" అన్నాను. అది నా వైపు తిరిగి కాసేపు చూసింది.

"ఓలమ్మ! నీకు అర్థమైందేటి?"

"అర్థమెందుకే? విన్నాను."

అప్పటి నుంచి నన్ను నా పుస్తకం అనడం మొదలుపెట్టింది. "నా పుస్తకం ఏదీ, గొడ్ల దగ్గరకెళ్ళిందేటి?" అని కేకేసేది. తాను రాసుకోదు. రాసుకుంటే చెయ్యి ఆగిపోతుందంటుంది. ఏ రోజు ఏమి కొట్టింది, తెర ఏమంది, అన్నీ నేనే. నాకు అక్షరాలు తెలియవు గానీ వరసలు లెక్కపెట్టడం వచ్చు. ఆ ఎల్ ఎస్ పి సి ఐ కొడితే లాప్‌టాపు తన లోపలున్న సామానంతా వరసకొకటి చొప్పున చెబుతుంది. కార్డు లేనప్పుడు పద్దెనిమిది వరసలు. కార్డు దూర్చాక పందొమ్మిది. మొదటి రోజే పందొమ్మిది వచ్చాయి. కోడలు చప్పట్లు కొట్టింది.

కానీ డిజైను పంపడానికి ప్లగ్గు తెరవబోతే లినక్స్ ఒప్పుకోలేదు.

"నాకు అనుమతి లేదంటంది అత్తా."

"నీ లాప్‌టాపే కదే. నీకు అనుమతి లేకపోడం ఏటి?"

"ఇల్లు నీదే అయినా గాదె తాళం నీ సేతికి ఇయ్యాలి కదా, అలగ. నా పేరు ఒక జాబితాలో ఎక్కించాల."

ఎక్కించింది. లాప్‌టాపు ఆపి మళ్ళీ మొదలుపెడితే గానీ ఆ పేరు చెల్లదట. అప్పటికి పొద్దు వాలింది. మర్నాడు ఆయుధ పూజ. ఆ రోజు పనిముట్లు ముట్టం. "ఎల్లుండి సూద్దాం, అయిపోనట్టే" అని లాప్‌టాపు మూసేసింది.

ఆయుధ పూజకి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బొట్టు ఎక్కడపడితే అక్కడ పెట్టం. పని చేసే చోట పెడతాం. కొడవలికి పిడి మీద కాదు, అంచు మీద. ఆటోకి అద్దం మీద కాదు, చక్రాల మీద. కత్తెరకి రెండు రెక్కలూ కలిసే చోట. మా అత్తగారు నాకు అలా చెప్పారు, పని చేసేది అదైతే బొట్టు ఇంకోదానికి పెడతావేమిటి అని. నలభై ఏళ్ళుగా అలాగే పెడుతున్నాను. ఆ ఏడు కొడవళ్ళూ, గునపమూ, పాత కుట్టుమిషనూ, కొత్తగా వచ్చిన మిషనూ, లాప్‌టాపూ అన్నిటికీ పెట్టాను. కోడలు కార్డుని గాడిలోంచి తీసి పీట మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. నేను దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. పని చేసేది ఆ బంగారు పళ్ళే అని నాకు తెలుసు, కోడలే చెప్పింది. పసుపు నీళ్ళతో ముద్దగా కలిపి వేలికొసతో ఆ పళ్ళ మీద అద్దాను. దాని మీద కుంకం.

మర్నాడు అన్నీ తుడిచి ఎవరిది వాళ్ళకి ఇచ్చేశాను. కార్డునీ తుడిచాను. కుంకం గుడ్డకి వచ్చేసింది. పళ్ళు గుంటలో ఉన్నాయి, గుడ్డ లోపలి దాకా పోలేదు. పసుపు బంగారం రంగులో కలిసిపోయింది. చూసినవాళ్ళకి పళ్ళు పళ్ళలాగే ఉన్నాయి.

కోడలు కార్డు దూర్చింది. ఎల్ ఎస్ పి సి ఐ. పద్దెనిమిది.

"లెక్కెట్టు అత్తా మళ్ళీ."

"పద్దెనిమిదే."

తీసి పెట్టింది. ఆపి మొదలుపెట్టింది. పద్దెనిమిదే. అది చివరగా చేసిన పని జాబితాలో పేరు ఎక్కించడం. కాబట్టి అక్కడే ఏదో పాడుచేశానని అనుకుంది. అనుకోవడంలో తప్పు లేదు, ఎవరైనా చివర చేసినదాన్నే అనుమానిస్తారు. చేసింది వెనక్కి తీసింది. రాలేదు. లినక్స్ మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించింది. రాలేదు. ఇంకో రకం లినక్స్ ఎక్కించింది. ఇందులోనూ రకాలున్నాయట, వరిలో ఉన్నట్టు. దేనిలోనూ పందొమ్మిదో వరస రాలేదు.

ఫోనులో ప్రశ్న రాస్తే ఎక్కడెక్కడి వాళ్ళో జవాబులు రాసేవారు. జర్మనీ వాడొకడు కార్డు ముందు దూర్చి తరవాత లాప్‌టాపు మొదలుపెట్టమన్నాడు. ఇంకొకడు మొదలయ్యేటప్పుడే ఒక మాట చేర్చి చెప్పాలన్నాడు. ఇంకొకడు అసలు ఆ కార్డు కొనడమే తప్పన్నాడు. కోడలు అందరికీ ఓపికగా జవాబు రాసేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. వాళ్ళంతా చదువుకున్నవాళ్ళు, ఉన్న ప్రశ్నలన్నీ అడిగారు. దానికి పసుపు గాని పెట్టారా అని అడగాలని ఏ ఒక్కడికీ తట్టదు కదా, పాపం.

విజయనగరంలో కోట దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ఆయన దగ్గరకి తీసుకెళ్ళింది. ఆయన గాడిలోకి లైటు వేసి చూసి, పాతదమ్మా, గాడి పోయుంటుంది అన్నాడు. ఆ రోజు నుంచి కోడలు మాట్లాడడం తగ్గించింది. నోములూ దీపాలూ అయిపోతున్నాయి. కార్తీకం చివరికొచ్చింది. మిషను కిటికీ పక్కన ఊరికే నిలబడి ఉంది. మా వాడు దాని పక్కనుంచి ఒద్దికగా నడిచేవాడు, బంధువుల ఇంట్లో ఉన్నట్టు.

ఒక బేస్తవారం నాడు కోడలు సూపర్వైజరుకి ఫోను చేసి సోమవారం నుంచి వస్తానంది. మా వాడు కొత్తవలస ఆయనకి ఆదివారం వచ్చి మిషను తీసుకుపొమ్మని చెప్పాడు. చెప్పాక ఇద్దరూ ఎవరి మొహం వాళ్ళు పక్కకి తిప్పుకున్నారు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను.

కాసేపటికి కోడలు వచ్చి నా పక్కన కూర్చుంది.

"అత్తా, మొదటి రోజు నుంచీ ఒకసారి సెప్పు. అన్నీ సెప్పు. మద్దిలో నాను అడగను."

చెప్పాను. కార్డు వచ్చిన పూట, అట్టపెట్టె చింపిన సంగతి, మొదటి మాట, పందొమ్మిది వరసలు, చప్పట్లు, అనుమతి లేదనడం, జాబితా, పేరు, మూయడం. అంతవరకూ వాగు పారినట్టు వచ్చింది. ఆ తరవాతి రోజు నా కళ్ళముందుకి వచ్చింది. పీట, పీట మీద కొడవళ్ళు, నా వేలికొస మీద పసుపు, ఆ పళ్ళు. నేను ఆగిపోయాను.

"తరవాత?"

"తరవాత పూజ. మర్నాడు పెట్టావు. పద్దెనిమిది."

అది తలాడించి లేచి వెళ్ళిపోయింది.

నాకు అప్పుడే తెలిసిపోయింది. కరెంటు సంగతి నాకు తెలియకపోవచ్చు, పసుపు సంగతి తెలుసు. గిన్నె అంచుకి ఎండిన పసుపు ఎలా పట్టేస్తుందో రోజూ చూసేదాన్నే. అయినా చెప్పలేదు. శుక్రవారం అంతా చెప్పలేదు. తిడుతుందని కాదు, నా తమ్ముడి కూతురు నన్ను తిట్టినా నాకు పెద్ద బాధ లేదు. జన్మలో మొదటిసారి నన్నొకరు పుస్తకం అన్నారు. ఆ పేరు పోతుందని ఊరుకున్నాను. దానికి నెలన్నర పోయింది, సోమవారం బస్సెక్కాలి, నాకేమో నా పేరు. అలా రెండు పూటలు అన్నం తిన్నాను కూడా.

శనివారం పొద్దున్న అది మిషనుకి పాత చీర చుడుతోంది. దారిలో దుమ్ము పడకుండా. నాలుగు వైపులా మడత సరిచేసి, కొసలు ముడివేసింది. అది కుదురుగా ముడివేయడం చూశాక ఇంక ఉండలేకపోయాను.

"ఒసే, ఆ కార్డుకి నాను పసుపు పెట్టాను."

"అన్నిటికీ పెట్టావు కదా."

"పళ్ళమీద పెట్టాను."

ముడి మీద చెయ్యి ఆగింది.

"పళ్ళమీదా?"

"పని సేసే సోటు అదే కదేటి."

అది వెళ్ళి కార్డు తెచ్చి కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుంది. గోటితో పళ్ళ మధ్య గీకింది. గోటి కింద పసుపు పొట్టు వచ్చింది. దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఓలత్తో! జర్మనీ వోడి సేత రాత్రులు రాత్రులు రాయించాను కదే!"

"రాయించావు."

"కోట కాడ ఆయన గాడి పోయిందన్నాడు. ఆ గాడిలోనూ ఇదే ఉంటాది."

"ఉంటాది."

"నివ్వు ఇంకా నయం. కొబ్బరికాయ కొట్టి నీళ్ళు దాన్లో పొయ్యలేదు."

ఆ మాట అని నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "బేస్తవారం సెప్తూ సెప్తూ ఆగిపోయావు. అప్పుడే తెల్సిందా నీకు?" అంది. తెలిసిందన్నాను. ఎందుకు చెప్పలేదంది. ఉన్నది చెప్పాను. అది గోటి కింది పసుపు పొట్టు దులుపుకుంది. తరవాత, "పుస్తకంలో తప్పుంటే కొట్టీసి రాసుకుంటాం అత్తా. పేజీ సింపి దాసీసుకుంటే ఎలాగ?" అంది. కోపంగా అనలేదు. అందుకే అది నాకు తగిలింది.

ఆ పూటే ఇద్దరం పనిలోకి దిగాం. బడిపిల్లలు వాడే రబ్బరు ముక్క సన్నగా కోసి అది పళ్ళు రుద్దింది. దెబ్బలకి రాసే స్పిరిటులో పాత బ్రష్షు ముంచి గాడి లోపల నేను మెల్లగా తోమాను, అది లైటు పట్టుకుంటే. బ్రష్షు కొసకి పసుపు వస్తూనే ఉంది. చివరికి తెల్లగా వచ్చింది. ఆరబెట్టాం. వరండాలో ఎండ ఉంది గాని, ఎండలో పెట్టనివ్వలేదు, నీడలోనే ఆరాలంది.

కార్డు దూర్చి, మొదలుపెట్టి, కొట్టింది. తెర నా వైపు తిప్పింది. నేను వేలు పెట్టి లెక్కపెట్టాను. పందొమ్మిది. నమ్మకం లేక కింద నుంచి పైకి మళ్ళీ లెక్కపెట్టాను.

కొత్తగా ఎక్కించిన లినక్స్ కాబట్టి పేరు మళ్ళీ జాబితాలో ఎక్కించాలి. ఆ మాటలు దానికి గుర్తులేవు. అడగడానికి ఒక్క క్షణం వెనకాడింది. అది అడగకముందే నేను చెప్పాను, ఒక్కొక్క అక్షరం. అది కొట్టింది. ఆపి మొదలుపెట్టింది. ఈసారి ప్లగ్గు తెరుచుకుంది.

మిషనుకి చుట్టిన చీర విప్పి తీగ తగిలించాం. అయిదు రేకుల పువ్వు ఒకటి పంపింది. మిషను కదిలింది. సూది టకటకమంటూ ఒక రేకు కుట్టింది, రెండో రేకు కుట్టింది, మూడోదానిలో కొంచెం పోయి పిచ్చి గీతలు గీసి నిలిచిపోయింది. బట్ట మార్చి మళ్ళీ పంపితే మళ్ళీ అంతే. కోడలు నుదురు కొట్టుకుంది. మా వాడు భోజనానికి వచ్చి గుమ్మంలో నిలబడి, "నడిసినట్టా, నడవనట్టా?" అన్నాడు.

"సగం నడిసినట్టు."

"సగం మిషను ఉంచుకుంటామంటే ఆయన ఒప్పుకుంటాడేటి?"

నేను రెండు బట్టలూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిసారి మూడో రేకులో ఏడు కుట్లు పడ్డాక చెదిరింది. రెండోసారీ ఏడే. ఆ మాట చెప్పాను. కోడలు బట్టలు లాక్కుని తానూ లెక్కపెట్టింది. పాడైతే ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట ఆగాలి. రెండుసార్లూ అక్కడే ఆగిందంటే దానికి కారణం వేరు అంది. మిషనుకి కడుపు చిన్నది. నిండగానే ఆగమంటుంది. లాప్‌టాపు ఆ మాట వినకుండా పోసేస్తోంది. ఇది నాకు అది చెప్పిన తీరు, నాకు బాగానే అర్థమైంది. బిందె నిండాక కుళాయి కట్టకపోతే ఏమవుతుందో ఎవరికి తెలియదు?

ఆగమంటే ఆగేలా చెప్పే మాట ఏదో వెతుక్కోవడానికి దానికి ఆ సాయంత్రమూ, ఆదివారం పొద్దున్న కొంతసేపూ పట్టింది. ఆ మాట దొరికి, మూడో రేకు దాటి, నాలుగోది కూడా దాటి, అయిదో రేకు కుడుతూ ఉండగా కొత్తవలస ఆయన వచ్చాడు. మనిషిని ఒకణ్ణి తోడు తెచ్చుకున్నాడు, మోయడానికి. ఇద్దరూ గుమ్మంలో చెప్పులు విప్పి అలాగే నిలబడిపోయారు. పువ్వు పూర్తయింది. మిషను ఆగి దారం తెంపుకుంది.

"ఏటి సెల్లీ, నడిపించీసినావా?"

"నడిసింది అన్నయ్యా. ఇంక మీరు మొయ్యక్కర్లేదు."

ఆయన వంగి పువ్వుని వేలితో తడిమి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు, కుట్టు తెలిసినవాడు వెనకే చూస్తాడు. లాప్‌టాపు పక్కనున్న కార్డుని చూశాడు. కూర్చోమంటే కూర్చోలేదు, టీ ఇస్తే నిలబడే తాగాడు. టీ అయ్యాక ఉన్న మాట బయటపెట్టాడు. తన దగ్గర ఇలాంటిది ఇంకొకటి మూల పడి ఉంది. బొబ్బిలిలో తన బావమరిదికి రెండున్నాయి, అవీ నోరు పోయినవే. అందరూ తుక్కుకి వేసేద్దామనుకుంటున్నారు.

"నివ్వొచ్చి ఇలగే పెట్టి ఇస్తే, ఆళ్ళు నిన్ను నెత్తినెట్టుకుంటారు సెల్లీ. బండి నానే పంపుతాను."

కోడలు నా మొహం చూడలేదు, మా వాడి మొహం చూడలేదు. "బుధవారం వస్తాను. బండి వద్దు, బస్సుకొస్తాను" అంది.

ఆయన వెళ్ళాక సూపర్వైజరుకి ఫోను చేసి రానని చెప్పింది. అటునుంచి ఏమన్నాడో గాని, ఇది మాత్రం, "లేదు సార్, మెడ బాగుపడలేదు, బుర్ర బాగుపడ్డాది" అంది. మా వాడు ధాన్యం బస్తాల మీద కూర్చుని పడిపడి నవ్వాడు.

ఇది జరిగి ఏడాది దాటింది. కోడలు వారానికి మూడు రోజులు ఇంట్లో ఉండదు. కొత్తవలస, బొబ్బిలి, శ్రీకాకుళం, ఒకసారి పలాస దాకా పోయింది. సంచిలో లాప్‌టాపూ, నాలుగు కార్డులూ, రబ్బరు ముక్కా పెట్టుకుని పొద్దున్నే వెళుతుంది. ఏ లాప్‌టాపులో ఏ కార్డు మొరాయిస్తుందో దానికి ఇప్పుడు నా అవసరం లేకుండానే తెలుసు, ఒక్కోసారి మాత్రం బస్సులోంచి ఫోను చేసి ఫలానా రోజు ఏమి కొట్టానని అడుగుతుంది. అది ఇంట్లో ఉండాలని కదా నేను కోరుకున్నది. అలా జరగలేదు. వంటా గొడ్లూ మళ్ళీ నావే. దానికి మెడ నొప్పి పూర్తిగా పోలేదు, కానీ ఆ మాట ఎత్తడం మానేసింది.

అది లేని రోజుల్లో మిషను నాకు అప్పగించింది. డిజైను పెట్టి, ఏది నొక్కాలో చెప్పి వెళుతుంది. దారం తెగితే అదే ఆగి కీచుమంటుంది. నేను పొయ్యి మీద పప్పు దించి, చేతులు తుడుచుకుని వెళ్ళి దారం ఎక్కిస్తాను. అద్దాలు లేకుండా సూది కన్ను నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.